కళ్ళు నానేదాకా

ఫిలమెంటు వేడెక్కేదాకా ఆమె మరో పని పెట్టుకోదు. స్విచ్చి వేసి స్టూలు మీద కూర్చుంటుంది. గాజు బుడ్డి మెడలో ఉన్న సన్నటి తీగ నలుపు వదిలి ఎరుపుకి, ఎరుపు నుంచి నారింజ రంగుకి వచ్చేదాకా చూస్తూనే ఉంటుంది. చూడకపోయినా తీగ వేడెక్కుతుంది. పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గరే నిలబడే అలవాటు ఇంట్లో ఎలా వచ్చిందో ఇక్కడా అలాగే వచ్చింది.

కాలేజీ ఫిజిక్స్ ల్యాబు చివర ఉన్న చీకటిగది అది. పొడుగాటి సందు లాంటి గది. ఒక బల్ల, దాని ముందు ఒక స్టూలు, వెనక గోడ వెంట పిల్లలు కూర్చునే బెంచి. ఉన్న ఒక్క కిటికీకీ, గుమ్మానికీ రెండేసి పొరల నల్లగుడ్డ తెరలు. ఆ తెరలు కుట్టింది ఆమె చెల్లెలే. అక్క కొలతలు చెప్తే ఇంట్లో మిషను దగ్గర కూర్చుని ఒక్క పూటలో కుట్టి, మడతపెట్టి, సంచిలో పెట్టి ఇచ్చింది. అవి ఎక్కడ వేలాడుతున్నాయో ఆ పిల్ల ఇంతవరకు చూడలేదు. పిల్ల అంటే నలభై దాటిన పిల్ల.

ఆమె ఈ గదికి అటెండరు. విద్యార్థులకు డార్క్‌రూమ్ అక్క. ముందటి బ్యాచ్‌లకీ అక్కే, వాళ్ళ వయసున్న పిల్లలు తనకి ఉండాల్సిన కాలం దాటిపోయాక వచ్చిన ఈ బ్యాచ్‌కీ అక్కే. నెరిసిన జుట్టుని గట్టిగా దువ్వి ముడి వేసుకుంటుంది. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు, అందుకని నడకలో ఆ కాలు ఎప్పుడూ ఒక ఆలోచన వెనక ఉన్నట్టు ఉంటుంది. రోజులో ఎక్కువసేపు చీకట్లో ఉండటం వల్ల వరండాలోకి రాగానే కళ్ళు చిట్లిస్తుంది. ఎదురుపడినవాళ్ళు ఆవిడకేదో చిరాకనుకుని పలకరించకుండా తప్పుకుంటారు. అలా తప్పుకున్నవాళ్ళు ఎవరో కూడా ఆమెకు సరిగ్గా కనపడదు.

బల్ల మీద ఉన్న గాజు బుడ్డి మనిషి తలకాయంత ఉంటుంది. పొడుగాటి మెడ. ఆ మెడలో పెన్సిల్‌లో ఉండే నల్లటి పదార్థమే ఊహకందనంత పల్చటి పొరగా బిగించి ఉంటుంది. తీగలోంచి బయల్దేరిన ఎలక్ట్రాన్లు ఆ పొరలోంచి దూరి వెళ్ళి బుడ్డి ముఖానికి తగులుతాయి. తగిలిన చోట మధ్యలో ఒక చుక్క, చుట్టూ ఒకదాని బయట ఒకటిగా రెండు ఆకుపచ్చ వలయాలు వెలుగుతాయి. నాబ్ తిప్పి వోల్టులు పెంచితే వలయాలు బాగా వెలుగుతాయి కానీ చిన్నవవుతాయి. తగ్గిస్తే మసకబారతాయి కానీ విప్పారతాయి. ఇంతే ప్రయోగం. తొందరపడి కరెంటు ఎక్కువ చేస్తే మాత్రం పొర కాలి చిల్లు పడుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా చుక్క తప్ప ఏమీ రాదు. ఆమె రాకముందు రెండు బుడ్లు అలాగే పోయాయట. మీటరు మీద ఎవరో ఎర్ర గీత గీసి వెళ్ళారు. ఆమె చేతిలో ముల్లు ఎన్నడూ ఆ గీత దరిదాపులకి పోలేదు.

ఈ పూట ఆమె మనసు మాత్రం ముల్లు మీద లేదు. మధ్యాహ్నం గంట కొట్టే వేళకి చెల్లెలు వస్తానంది. వస్తుందా రాదా అన్నదొక్కటే పొద్దుటి నుంచీ.

చెల్లెలు ఇవాళ వెళ్ళిపోతోంది. పోయిన వారం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. పెళ్ళికొడుకు లారీ నడుపుతాడు, భార్య పోయి చాలాకాలమైంది. సీటు కవరు కుట్టించుకోవడానికి మొదటిసారి ఇంటి మెట్లెక్కాడు. కవరు కుట్టి ఇచ్చిన రెండో రోజున బిగుతుగా ఉందని తీసుకొచ్చాడు. వదులు చేసి ఇస్తే మరీ వదులైందని మళ్ళీ తీసుకొచ్చాడు. మూడోసారికి అక్కకి అనుమానం వచ్చింది. చెల్లెలికి మొదటిసారే వచ్చిందట, అక్క ఎప్పటికి కనిపెడుతుందో చూద్దామని ఊరుకుందట.

తల్లి పోయినప్పటి నుంచి సైకిలు షాపు మీది రెండు గదుల్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరే. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో పొయ్యి, పక్క. ఒక దువ్వెన, ఒక అద్దం. చెప్పుల కొలత కూడా ఒకటే కావడంతో ముందు లేచినవాళ్ళవి మంచి చెప్పులు. ముందు లేచేది ఎప్పుడూ చెల్లెలే. దాని పనంతా పరుగు. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే అది ముందు ఉరికి మలుపు దగ్గర నిలబడి, "నిదానం, వస్తున్నావా, పొద్దు గుంకాక వస్తావా?" అని అరిచేది. వీధిలోవాళ్ళు ఆ పేరే ఖాయం చేశారు. ఇప్పటికీ సైకిలు షాపతను నిదానం గారూ అనే పిలుస్తాడు. మర్యాదకు లోటు చెయ్యడు.

ఇంట్లో ఉన్నవన్నీ ఇద్దరివీ. ఈ చీకటిగది ఒక్కటే ఆమెది. సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ రోజు వలయాలు ఎలా వచ్చాయో చెప్పబోయేది. మిషను ఆగేది కాదు. పళ్ళ మధ్య దారం పట్టుకుని చెల్లెలు ఊఁ అనేది, మళ్ళీ ఊఁ అనేది. కాసేపయ్యాక, ఇంతకీ అది తిరుగుతుందా అని అడిగేది. తిరగదు అని చెప్తే, మరెందుకే అనేది. ఒక్కసారి వచ్చి చూడవే అని అక్క ఎప్పుడూ అడిగేది. రేపు అని చెల్లెలు ఎప్పుడూ అనేది. ఒకే ఊళ్ళో ఉన్నంతకాలం రేపటికి కొరత ఉండదు కాబట్టి ఇద్దరూ నమ్మారు.

రాత్రి పక్క మీద పడుకున్నప్పుడు ఆమెకు హఠాత్తుగా తట్టింది. ఇది చూడకుండా వెళ్ళిపోతే, తాను రోజంతా ఏం చూస్తూ బతుకుతుందో చూసినవాళ్ళు తనవాళ్ళలో ఒక్కరూ ఉండరు. పొద్దున కుట్టుమిషనుని పాత దుప్పట్లలో చుట్టి తాడు బిగిస్తున్న చెల్లెలితో ఆ మాట అనలేదు. లారీ కాలేజీ మీదుగానే పోతుంది కదా, ఒక్క క్షణం దిగమని మాత్రం అడిగింది.

"వస్తాలేవే. చూడకుండా పోతే జన్మంతా దెప్పుతావు," అంది చెల్లెలు ముడి బిగిస్తూ.

పొద్దుటి బ్యాచ్ లోపలికి వచ్చింది. ఆరుగురు. ఆమె తెర దించి, బెంచి మీద సర్దుకోమని, మాట్లాడుకోవచ్చు కానీ ఫోన్లు తియ్యొద్దని చెప్పింది. నాబ్ ముట్టుకోలేదు. ఎండలోంచి వచ్చిన కళ్ళకి తక్కువ వోల్టుల దగ్గరి వలయాలు ఆనవు. అందుకే ఏ బ్యాచ్ వచ్చినా ముందు చీకట్లో ఊరికే కూర్చోబెడుతుంది.

"కళ్ళు నాననివ్వండి," అంది ఎప్పటిలాగే.

"శనగల్లాగానా అక్కా?" ఎవరో అన్నారు. ఈ జోకు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వేస్తారు. ఆమె ప్రతిసారీ నవ్వుతుంది, చీకట్లో అది ఎవరికీ కనపడకపోయినా.

లెక్చరరు వచ్చి చీకట్లోనే పాఠం మొదలుపెట్టింది. నెమ్మదైన గొంతు. ఎలక్ట్రాను కణమే అయినా ఆ పొరలోని అణువుల సందుల్లోంచి దూరేటప్పుడు అలలా పరుచుకుంటుందని, ఆ అల పొడవు దాని ద్రవ్యవేగాన్ని బట్టి ఉంటుందని చెప్పింది. ద్రవ్యవేగమంటే బరువూ వేగమూ కలిసిన జోరు. జోరు ఎక్కువైతే అల కురచవుతుంది. కురచైన అల పెద్దగా వంగదు, దాదాపు తిన్నగా వెళ్ళిపోతుంది, అందుకే వలయం ముడుచుకుంటుంది. జోరు తగ్గితే అల సాగుతుంది, దారి నుంచి ఎక్కువ వంగుతుంది, వలయం విప్పారుతుంది. లెక్చరరు మాటలకి తగ్గట్టు అటెండరు నాబ్ తిప్పింది. వలయాలు ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి. బెంచి మీద అందరూ ఒకేసారి ఊపిరి తీసినట్టయింది. ఆ చప్పుడంటే ఆమెకు ఇష్టం.

మరి మనుషులకి అల ఉండదా అని ఒకమ్మాయి అడిగింది. ఉంటుంది, లెక్క కట్టమంది లెక్చరరు. ఆ అమ్మాయి తర్వాత వరండాలో కూర్చుని అక్క నడిచే వేగం అని రాసుకుని లెక్క కడితే సున్న తర్వాత సున్న వచ్చి కాగితం అంచు దాకా పోయింది. అంత చిన్న అల ఏ గుమ్మంలోనూ వంగదు, అందుకే మనం తలుపు దాటితే తిన్నగా వెళ్ళిపోతాం, అటూ ఇటూ పరుచుకోం అని లెక్చరరు తేల్చింది.

"అక్క ఇంకా నిదానంగా నడిస్తే?" అడిగింది ఆ అమ్మాయి.

"అంతకన్నా నిదానం నా వల్ల కాదమ్మా," అంది ఆమె. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు భోజనాలకి వెళ్ళారు. చెల్లెలొస్తోందని, లోపల చూపించుకుంటానని లెక్చరరుని ముందే అడిగి ఉంచింది. మీ గదే కదా అక్కా, దానికి నన్నడగాలా అంటూ ఆవిడ క్యాంటీను వైపు వెళ్ళింది. మీ గదే అన్న మాట దగ్గర ఆమె కాసేపు నిలబడిపోయింది.

తన టిఫిను డబ్బా విప్పలేదు. తెర దించి, వోల్టులు కిందికి తెచ్చి, వలయాలని ఎంత పెద్దవి చెయ్యొచ్చో అంత పెద్దవి చేసి పెట్టింది. బయటిది తన చేతికి పట్టే గాజు కన్నా ఒక చుట్టు పెద్దది. మసగ్గా, అంచులు మెత్తగా, ఊపిరి తగిలితే చెదురుతుందేమో అన్నట్టు ఉంది. చూసేవాళ్ళు లేకపోతే ఆమె ఎప్పుడూ ఇక్కడే పెట్టుకుంటుంది. కొలతలకి ఇది పనికిరాదు, అంచు దొరకదు. ఊరికే చూడ్డానికి మాత్రం ఇదే బాగుంటుంది.

చాలాసేపు ఎవరూ రాలేదు. నీళ్ళ పంపు దగ్గర ఎవరో చేతులు కడుక్కున్నారు. ఎవరో ల్యాబు దాకా వచ్చి తిరిగి వెళ్ళారు. రాదులే అనుకుంది. లారీ అతనికి సరుకు దించే టైము ఉంటుంది, ఊరు దాటేదాకా ఆగడం కుదరదు, అది కూడా కొత్తగా వెళ్తూ ఆపమని ఎలా అడుగుతుంది అని చెల్లెలి తరఫున తనే అన్నీ చెప్పుకుంది. చెప్పుకోవడం పూర్తవుతుండగా వరండాలో పరుగు వినిపించింది. ఈ కాలేజీలో ఎంతమంది పరిగెత్తినా ఆ పరుగు వేరు.

తెర విసురుగా లేచి, గదిలో ఎండ ఒక పలకలా పడి, మళ్ళీ పోయింది.

"అక్కా, ఎక్కడున్నావే? ఇదేం గదే తల్లీ, బావిలో దిగినట్టుంది."

"చెయ్యి ఇటివ్వు. ముందు స్టూలుంది, కూర్చో."

"కూర్చునే టైము లేదు. ఆయన గేటుకి అడ్డంగా పెట్టాడు, వాచ్‌మన్ తిడుతున్నాడు. చూపించు చూపించు."

"అదిగో," అంది అక్క.

"ఏదీ?"

"ఎదురుగానే."

"ఎదురుగా గోడుందో నువ్వున్నావో కూడా తెలీటం లేదు నాకు."

ఏళ్ళ తరబడి ప్రతి బ్యాచ్‌కీ చెప్పిన మాట ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదు. ఆమె కళ్ళకి వలయం నిండు చంద్రుడంత స్పష్టంగా ఉంది. చెల్లెలికి కనపడటం లేదంటే వెలుగు చాలలేదనుకుంది. వెళ్ళిపోతుందన్న కంగారులో నాబ్ తిప్పింది. ఎప్పుడూ తిప్పనంత త్వరగా తిప్పింది. వలయాలు వెలుగుతూ లోపలికి లోపలికి ముడుచుకున్నాయి. మీటరు ముల్లు ఎర్ర గీతని తాకింది. అదీ చూసింది. అయినా చెయ్యి వెంటనే తియ్యలేదు.

"ఆఁ, వచ్చింది వచ్చింది," అంది చెల్లెలు. ముందుకు వంగి చూసింది. "ఆకుపచ్చగా. అదేనా? ఇంతేనా అక్కా? పసిపిల్ల గాజంత ఉంది. ఇన్నేళ్ళూ దీని గురించేనా నా చెవులు తినేశావు?"

నవ్వుతూనే అంది. ఎగతాళి చెయ్యని రోజు ఆ ఇంట్లో లేదు. అయినా అక్కకి నవ్వు రాలేదు. ఇది కాదు తాను చూపించాలనుకున్నది. నాబ్ పట్టుకుని, తనకు అలవాటైన నెమ్మదితో, వెనక్కి తిప్పింది.

"ఆర్పేశావేం? కోపం వచ్చిందా?"

"ఆర్పలేదు. ఉంది. జోరు తగ్గించాను, అంతే. జోరు తగ్గితేనే అది పెద్దదవుతుంది. వెలుగు ఉండదు కాబట్టి వెంటనే కనపడదు. కళ్ళు నానాలి. కాసేపు కూర్చోవే."

బయట హారను మోగింది.

చెల్లెలు స్టూలు కోసం తడిమింది. స్టూలు కాళ్ళు నేలమీద గీసుకున్న చప్పుడైంది. కూర్చుంది. మిషను ముందు తప్ప మరెక్కడా కూర్చోని మనిషి. పరిగెత్తి వచ్చిన ఆయాసం కొంచెం కొంచెంగా తగ్గి, ఊపిరి పక్క మీద నిద్రకు ముందు వినిపించే ఊపిరిలా అయింది. బయట వాచ్‌మన్ గొంతు, దానికి సర్దిచెప్తున్న లారీ అతని గొంతు ఎక్కడో దూరంగా వినిపించాయి.

వలయం పూర్తిగా విప్పారింది. ఆ కాస్త వెలుగు చాలు అక్క కళ్ళకి. బల్ల అంచు కనిపించింది, స్టూలు కనిపించింది, మోకాళ్ళ మీద పెట్టుకున్న చెల్లెలి చేతులు కనిపించాయి. ముఖం చూసింది.

చెల్లెలు వలయం వైపు చూడటం లేదు. ముఖం అక్క వైపు తిప్పి ఉంది. అక్క ఎక్కడుందో మాట వచ్చిన దిక్కుని బట్టి అంచనా వేసుకుని, ఆ చీకటి వైపు కళ్ళు పెద్దవి చేసుకుని వెతుకుతోంది. కొంచెం పక్కకి చూస్తోంది, భుజం అవతలికి. చెంపల మీద నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోవడం లేదు. చీకట్లో ఎవరు చూడొచ్చారనుకుంది.

హారను మళ్ళీ మోగింది. ఈసారి పొట్టిగా, మొహమాటంగా.

"కనిపిస్తోందా?" అడిగింది అక్క.

"ఆఁ, ఇప్పుడు కనిపిస్తోంది." ముఖం ఇటే ఉంది. గొంతు మామూలుగానే ఉంది. "పెద్దదే. చాలా పెద్దదే అక్కా."

ఇటు కాదు, అటు చూడు అని చెప్పొచ్చు. రెండు నిమిషాలు ఆగితే నిజంగానే కనిపిస్తుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆ రెండు నిమిషాల తర్వాత చెల్లెలికి వలయంతో పాటు తన ముఖం కూడా కనిపిస్తుంది. ఆమె ముఖం అప్పుడు చూడదగ్గట్టుగా లేదు.

"చూశావుగా. ఇక వెళ్ళు. పాపం మరిది గేటు దగ్గర మాటలు పడుతున్నాడు."

చెల్లెలు లేచింది. చెయ్యి చాచి తడుముకుంటే అక్క భుజం దొరికింది. అక్కడే ఒకసారి నొక్కింది.

"ఉప్పు డబ్బా పై అరలో పెట్టాను," అంది. "పొద్దున చెప్పడం మర్చిపోయాను. స్టూలెక్కి తియ్యకు, మోకాలు. కింద సైకిలు షాపతన్ని పిలు."

"పిలుస్తాలే."

"పిలవవు. నాకు తెలుసు."

తెర లేచి, పడింది. ఆ పరుగు వరండా పొడుగునా తిన్నగా వెళ్ళి మెట్ల దగ్గర ఆగిపోయింది.

ఆమె ముందు వోల్టులు సున్నకి తెచ్చింది. అది చెయ్యకుండా గది వదలడం చేతకాదు. తర్వాత తెర తప్పించుకుని వరండా అంచు దాకా వెళ్ళింది. మధ్యాహ్నపు ఎండ నేరుగా కళ్ళలో కొట్టింది. అంతా తెలుపు. రెండు చేతులూ నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంజను చప్పుడు వినిపించింది, గేరు మారింది, ఎవరో అక్కా అన్నట్టూ అనిపించింది. చెయ్యి పైకెత్తి ఊపింది, ఎటు ఊపుతోందో తెలియకుండానే. కళ్ళు కుదురుకుని గేటు కనిపించేసరికి వాచ్‌మన్ ఒక రెక్క మూస్తున్నాడు. రోడ్డు మీద దుమ్ము ఇంకా కిందికి దిగలేదు.

మధ్యాహ్నం బ్యాచ్‌లో ఏడుగురు వచ్చారు. బెంచి చాలక ఒకబ్బాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెర దించింది. ఆమెకు ముందు భయమేసింది. ముల్లు గీతని తాకిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఫిలమెంటు రంగు వచ్చేదాకా నిలబడే ఆగి, వేలి కొసలతో నాబ్ కదిపింది. చుక్క వచ్చింది. చుక్క ఒక్కటే ఉందేమోనని ముఖం గాజుకి దగ్గరగా పెట్టి చూసింది. మెల్లిగా దాని చుట్టూ ఒకటి, దాని బయట ఇంకొకటి తేరుకున్నాయి. కళ్ళు నాననివ్వండి అంది. శనగలా అక్కా అన్నారెవరో. లెక్చరరు పాఠం చెప్పింది, పిల్లలు వంతులవారీగా ముందుకొచ్చి స్కేలు ఆనించి కొలుచుకున్నారు, ఒకరి తల ఇంకొకరికి తగిలి నవ్వుకున్నారు. అందరూ వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆమె ఫిలమెంటు చల్లారనిచ్చి, గదికి గాలి తగలాలని కిటికీ తెర పక్కకి లాగింది. వాలిన ఎండ బల్ల మీదికి వచ్చింది. ఇంటికి వెళ్ళాలి. అన్నం ఒక్కరికే వండాలి. ఎంత బియ్యం పొయ్యాలో చెయ్యికి తెలియదు, ఇద్దరికి పొయ్యడమే దానికి అలవాటు. మిగిలితే పొద్దున తినొచ్చులే అనుకుని స్టూలు బల్ల కిందికి తోయబోయి ఆగింది.

స్టూలు మీద, చెక్క చీలిక పక్కన, గుడ్డ మీద గీతలు పెట్టే నీలం సుద్దముక్క ఉంది, అరిగి అరిగి గోరంత పల్చనై, రెండు వైపులా చెల్లెలి వేళ్ళు ఆనే చోట లోపలికి నొక్కుకుపోయి.